మళ్లీ చెప్పక్కర్లేదమ్మా

మూడేళ్ల క్రితం మాట. అప్పట్లో విజయవాడ ఆటోనగర్ దగ్గర అద్దెకుండేవాళ్లం. ఒకరోజు మా ఆయన కొట్టిన దెబ్బకు చెయ్యి వాచిపోయి, పాపను బడికి పంపి ప్రభుత్వాసుపత్రికి వెళ్లాను.

"బాత్రూంలో జారిపడ్డానండీ" అన్నాను.

కట్టు కడుతున్న నర్సుగారు తలుపు దగ్గరగా వేసి, "జారిపడితే వేళ్ల అచ్చులు పడవు కదమ్మా" అన్నారు మెల్లగా. అంతే, ఏడుస్తూ అంతా చెప్పేశాను. ఆవిడ కాగితం మీద రాసుకుని, నేను సరేనన్నాకే పోలీసులకు ఫోన్ చేశారు.

కాసేపటికి మహిళా పోలీసు వచ్చారు. ఈవిడ కూడా నాదే తప్పంటారనుకున్నాను. అంతకుముందు మా పెద్దవాళ్లలో ఎవరికి చెప్పుకున్నా, "అసలు నువ్వేమన్నావ్?" అనే అడిగారు మరి!

"మేడమ్, నిన్న సాయంత్రం..." అని మొదలెట్టాను.

"నర్సుగారు చెప్పారు, మళ్లీ చెప్పక్కర్లేదమ్మా. పాపది ఏ స్కూలు?" అన్నారావిడ. పాపను తనే తీసుకొచ్చి, మమ్మల్ని మహిళల వసతి గృహంలో దింపారు.

అక్కడ మా కేసు చూడటానికొచ్చిన లాయరమ్మగారిని చూసి మళ్లీ గొంతు సవరించుకున్నాను. ఆవిడ చేతిలో నర్సుగారు రాసిన అదే కాగితం!

"చదివానమ్మా. ముందు మీరిద్దరూ అన్నం తినండి" అన్నారు.

దెబ్బలకు చాలాసార్లు ఏడ్చాను గానీ, నా మాట నమ్మారని ఏడ్చింది మాత్రం ఆ కంచం ముందే.

— పేరు వేయొద్దని కోరిన పాఠకురాలు, విజయవాడ