ఫోర్ట్రానా, కోబాలా: టైపు మాస్టారి తీర్పు

మద్రాసులో కంప్యూటర్ శిక్షణకు దరఖాస్తు తెప్పించుకున్నాను. మొదట ఫోర్ట్రాన్ భాష నేర్చుకుంటారా, కోబాలా అని అందులో అడిగారు. విజయనగరంలో ఇంకెవరిని అడగాలో తెలియక, ఈ సాయంత్రం మా టైపు మాస్టారికి చూపించాను. ఆయన దాంతోపాటు వచ్చిన రెండు భాషల నమూనాలనూ టైపు మిషన్ మీద కొట్టి చూసి తేల్చేశారు.

“కోబాలే నేర్సుకోరా. అన్నీ మాటలే, సేతి ఏళ్లు బాగా తిరుగుతాయి. ఫోర్ట్రాన్‌లో బ్రాకెట్టుకోసారి షిఫ్టు నొక్కాల. సిటికినేలు పడిపోతాది.”

“మీరు కంప్యూటర్ చూశారా మాస్టారూ?”

“నేను సూడనేదు. నువ్వు సూసినావేటి?”

మా ఊరికి కంప్యూటర్ ఇంకా రాలేదు గానీ నిపుణులు ముందే వచ్చేశారు. దారంతా నవ్వుకుంటూ ఇంటికొచ్చి, దరఖాస్తులో కోబాల్ అని రాశాను. ఇంతకంటే మంచి కారణం ఎవరికైనా తెలిస్తే చెప్పండి, రేపు టపా వెళ్లేదాకా ఆగుతాను.