తెల్లనీళ్ల క్వారీ లోతు

ఉదయం ఆరున్నరకు గుంతకల్లులో రైలెక్కి ఏడున్నర దాటాక ఆదోనిలో దిగాను. చేతిలో లోతు కొలిచే యంత్రం. నీళ్లలోకి శబ్దం పంపి, అది అడుక్కి తగిలి తిరిగొచ్చే సమయాన్నిబట్టి లోతు చెబుతుంది. ఎమ్మిగనూరు దగ్గర వదిలేసిన రాతిక్వారీలో ఎన్ని నీళ్లున్నాయో తేల్చమని ఊరివాళ్లు పిలిచారు. ఉగ్గాని, బజ్జీ తిని ఎనిమిదిన్నరకు బస్సెక్కాను.

పక్కసీటులో పత్తిగింజల సంచితో ఒకావిడ. "యాడికి పోతాండావప్పా?" అంది. చెప్పాను.

"ఆ గుంత పోయినేడు ఒకాయన్ని మింగింది. ఇంకా బయటికి ఇయ్యలే."

ఇలాంటి మాటలకు నాకు నవ్వొస్తుంది. ఆ రోజు ఎందుకో రాలేదు.

పదకొండుకు పుట్టిలో క్వారీ మధ్యకు చేరాం. తెడ్డు వేస్తున్నది ఖాజా, నలభై ఏళ్ల ఈతగాడు. చుట్టూ కోసిన రాతిగోడలు. నీళ్లు తెల్లగా, కదలకుండా ఉన్నాయి. బస్సులో ఆవిడ చెప్పిన, మునిగినవాడు ఖాజా వాళ్ల అన్నే. ఇరుక్కున్న మోటారు పైపు తీయడానికి దిగి మళ్లీ తేలలేదు. శవం దొరకందే జనాజా నమాజుకు, అంటే పోయినవాళ్లకు చేసే చివరి ప్రార్థనకు, ఖాజా వదిన ఒప్పుకోలేదు.

"అడుగు యాడుందో సెప్పు సార్. ఇప్పుడే దిగి సేతుల్తో ఎతుకుతా," అని చొక్కా విప్పాడు.

తెరమీద గీత పడింది. "ఇరవై అడుగులు," అన్నాను. అతను పుట్టి అంచుమీదికి జరిగాడు.

కానీ గీత మసకగా ఉంది. రాయైతే శబ్దాన్ని గట్టిగా వెనక్కి కొట్టాలి. అతని చెయ్యి పట్టుకుని ఆపి, బురదలోకి దూరే బొంగురు శబ్దానికి యంత్రాన్ని మార్చాను. ముప్పై అయిదు దగ్గర ఇంకో గీత, నల్లగా. మధ్యలో ఉన్నదంతా బండల పాలిష్ ఫ్యాక్టరీల నుంచి తెచ్చి పారబోసిన రాతిపిండి బురద. కాలు పెడితే లోపలికి లాగేస్తుంది. నేను చెప్పిన మొదటి అంకె ఇతన్ని చంపేదే.

"మా అన్న దాంట్లోనే ఉండాడా సార్?"

"మనిషికీ రాయికీ తేడా దీనికి తెలీదు, ఖాజా. దిగితే నువ్వూ రావు."

అతను పుట్టిని ఒడ్డుకు తిప్పాడు. దిగి లుంగీలో మట్టి తెచ్చాడు. వాళ్లలో సమాధిమీద అయినవాళ్లు తలా మూడు పిడికిళ్లు మట్టి వేస్తారు. మధ్యకొచ్చి మూడూ వేసి, కళ్లు మూసుకుని దువా చేశాడు.

తెరమీద మూడు మరకలు ఏటవాలుగా దిగి, ఇరవై దగ్గర గీతలో కలిసిపోయాయి. వెంటనే అక్కడినుంచే ఒక సన్నని గీత పైకి లేచింది. పుట్టి పక్కన ఒక్క బుడగ పగిలింది.

నాలుగు గంటల బస్సులో ఆదోనికి వస్తుంటే ఖాజా ఫోను చేశాడు. "మట్టి నిజంగా సేరిందా అని వదిన అడుగుతాంది."

"చేరింది. కళ్లారా చూశాను."

"అట్లయితే రేపు నమాజు సదివిస్తాము సార్."

బుడగ సంగతి చెప్పలేదు. బురదలో చిక్కిన గాలి అలాగే లేస్తుందని నాకు తెలుసు. తెలిసినా, రైల్లో గుంతకల్లు దాకా భయంగానే ఉంది.