ముప్పై ఎనిమిది పోగులు

నేను నోరు తెరిస్తే అబద్ధమేనని నన్నెరిగినవాళ్ళంతా అంటారు. అందుకే ముందుగానే, కలం పట్టిన ఈ చేతిమీద ఒట్టేసి చెబుతున్నాను. ఇందులో ప్రతి మాటా నిజం.

అరవైల చివర్లో పులికాటు ఒడ్డున ఒక పశువుల ఆసుపత్రిలో అటెండరుగా ఉండేవాణ్ణి. ఆ ఊళ్ళో ఒక ముసలామె, అందరికీ అవ్వ, ఒక ఆడపందిని సాకుకునేది. ఆమెకున్న ఆస్తి అదొక్కటే. అది సరుగుడు తోపుల్లోకి తప్పిపోయి, నెల తర్వాత చూలుతో వచ్చి ఆరు పిల్లల్ని పెట్టింది. ఆరింటికీ ఒంటినిండా పసుపు చారలు, దోసకాయల మాదిరి.

చారలుంటే అడవిపందేనని, తోపులోకి తోలేయాల్సిందేనని ఫారెస్టు గార్డు వచ్చి కూర్చున్నాడు. పాలు తాగే పిల్లలు తోపులోకి పోతే నక్కల పాలే. పందులు సాకేవాళ్ళు గుర్తుకోసం చెవికి గాటు పెడతారు గానీ, పాలు మానేదాకా పిల్ల చెవి కోయరు. ఆ ఆచారమే అవ్వ మెడకు చుట్టుకుంది.

"చెవిన గాటేదవ్వా?"

"తల్లి చెవినుంది గదా సామీ. నీ నాయనెవరో నీ మొగాన రాసుండాదా? మీయమ్మ చెప్తేనే గదా తెలిసింది."

గార్డు మొహం ముడుచుకున్నాడు. మా డాక్టరుగారు మధ్యలోకి వచ్చారు. ప్రతి జీవి కణంలోనూ క్రోమోజోములనే సన్నని పోగులుంటాయట. ఇంటిపందికి ముప్పై ఎనిమిది, అడవిపందికి ముప్పై ఆరు అని ఆయన చదివిన విదేశీ పుస్తకంలో ఉందట. రెండూ కలిస్తే ముప్పై ఏడు. లెక్క ముప్పై ఎనిమిదైతే మళ్ళీ రానని గార్డు మాటిచ్చాడు.

నేను ఒక పిల్లను ఒడిలో అదిమి పట్టుకున్నాను. డాక్టరుగారు రక్తం తీసి, ఐసులో పెట్టి మద్రాసు ల్యాబుకు పంపారు. తోపులో ఏం జరిగిందో ఊహించలేనిదా అవ్వ? పిల్ల కాళ్ళు నిమురుతూ మెల్లగా అడిగింది.

"ఒక పోగు తక్కువైతే, మనం కలపలేమా అబ్బయా?"

"కుదరదవ్వా. అది దేవుడు నేసింది."

ఉత్తరం వచ్చిననాడు డాక్టరుగారు క్యాంపులో ఉన్నారు. గార్డుకు ఇంగ్లీషు రాదు. నేనే విప్పి చదివాను. ముప్పై ఎనిమిది అని ఉంది. గార్డు నా మొహంలోకి కాసేపు చూసి, సైకిలెక్కి వెళ్ళిపోయాడు. వానలొచ్చేసరికి చారలు మాసిపోయాయి. ఆరు చెవులకూ అవ్వే గాట్లు పెట్టింది.

ఇక ఒట్టు సంగతి. ఆ ఉత్తరంలో అంకె లేదు. దారిలో ఐసు కరిగి రక్తం చెడిపోయిందని, లెక్కకు పనికిరాలేదని రాశారు. ముప్పై ఎనిమిది నేను కల్పించిందే. డాక్టరుగారు వచ్చి ఉత్తరం చదివి, నా వైపు చూడకుండా ఫైలులో పెట్టేశారు.

చాలా ఏళ్ళకు ఆయనే చెప్పారు, మన వైపు అడవిపందులకూ ముప్పై ఎనిమిదేనట. నిజంగా లెక్కపెట్టినా తండ్రెవరో తేలేది కాదు. అప్పటికి అవ్వ పోయింది. ఒక పోగు కలపలేమా అని అడిగిన మనిషికి, కలిపింది నేనేనని ఒక్కనాడూ చెప్పలేదు.