నూట పన్నెండో మంచం

ఆ నూలుమిల్లులో ఆమెను అందరూ పిన్ని అనే పిలుస్తారు. నలభై తొమ్మిదేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, "ఆరు మిషన్లకి చాకిరీ చేస్తున్నా. ఏడోదాన్ని ఇంటికి కూడా తెచ్చుకోవాలా?" అంటుంది. రాత్రంతా తెగిన పోగులు అతికించి, తెల్లవారి సైరన్ మోగాక వెనక గేటు దగ్గర తనిఖీలో ఒళ్ళు తడిమించుకుని, మిల్లు క్వార్టర్స్‌లో నూట పన్నెండో మంచం మీద వాలుతుంది.

ఆ మంచం ఎప్పుడూ వెచ్చగానే ఉంటుంది.

రాత్రి దాని మీద పడుకునేది పగటి షిఫ్టు మనిషి. పగటివాళ్ళు ముందు గేటులోంచి లోపలికి వెళ్ళాకే రాత్రివాళ్ళని వెనక గేటులోంచి వదులుతారు. ఎదురుపడితే మాటలు కలుస్తాయి, మాటలు కలిస్తే సంఘాలు పుడతాయి. యాజమాన్యానికి ఆ భయం. ఎవరి సెలవు రోజున వాళ్ళు బయటెక్కడో తలదాచుకోవాలి. అలా ఏళ్ళ తరబడి ఒకే దిండు మీద తలపెట్టిన ఇద్దరు ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూడలేదు. పిన్నికి తెలిసిందల్లా దువ్వెనలో చిక్కిన పొడుగాటి వెంట్రుకలు, దిండు మీద గుంట, ఒకసారి దుప్పటి మడతలో దొరికిన చిన్నపిల్లల క్లిప్పు. ఆమెను మనసులో 'రాత్రావిడ' అనుకునేది.

మనుషుల్ని లెక్కపెట్టడం ఆ మిల్లుకి అలవాటు లేదు. మంచాల్ని లెక్కపెడుతుంది. గుర్తింపు కార్డు మీద పేరు కన్నా మంచం నంబరే పెద్దక్షరాల్లో ఉంటుంది. కాగితాల కాలంలో పగటి పుస్తకం వేరు, రాత్రి పుస్తకం వేరు. అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించినప్పుడు ప్రతి నంబరూ రెండుసార్లు కనిపించింది. డూప్లికేట్లు తీసేయమన్నాడు మేనేజరు. జాబితాలో సగంమంది పోయారు. పని మాత్రం ఎప్పట్లాగే సాగింది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

ఆ చలికాలం పిన్నికి దగ్గు పట్టుకుంది. మిల్లు ఆసుపత్రిలో ఇచ్చిన మాత్రలతో ఎంతకీ తగ్గలేదు.

"సూది వెయ్యొచ్చుగా అమ్మా, పీడా పోతుంది," అంది నర్సుతో.

"మీకు పెన్సిలిన్ పడదుగా. వేస్తే ఊపిరాగిపోతుంది."

"ఎవరు చెప్పారు?"

"ఇదిగో, తెర మీద ఉంది. వయసు ముప్పై నాలుగు. ఒక కూతురు, ఎనిమిదేళ్ళు."

"నాకు కూతురా! పెళ్ళికి ఎలాగూ పిలవలేదు, పురిటికైనా నన్ను పిలవాల్సింది కదే తల్లీ!"

నర్సు నవ్వలేదు. తెర వైపు, పిన్ని ముఖం వైపు మార్చి మార్చి చూసింది. తప్పు ఆ ముఖంలోనే ఉన్నట్టు.

పిన్ని ఆఫీసుకు పోయి గుమాస్తా మీద పడింది. అతను చల్లగా వివరించాడు. "కొత్త సాఫ్ట్‌వేర్ పిన్నీ. ప్రోగ్రాం రాయక్కర్లేదు, తెర మీద డబ్బాలు లాగి గీతలతో కలపడమే. నేనే చేశాను. నువ్వు ఫోన్లో ఫారం నింపావనుకో, అది మంచం నంబరు చూసి నీ వరుస వెతుక్కుని, పాతది చెరిపి కొత్తది రాసేస్తుంది. నింపెయ్, నీ దరిద్రం వదులుతుంది."

అక్కడే నిలబడి నింపింది. పడని మందులు: ఏవీ లేవు. పిల్లల గడి ఖాళీగా వదిలేసింది, పిల్లలు లేరు కదా అని. ఖాళీ గడి జోలికి సాఫ్ట్‌వేర్ పోదు, అందులో పాతదే ఉంచేస్తుంది. అందుకని నూట పన్నెండో నంబరు కింద, పిన్ని వయసు పక్కనే, ఆ ఎనిమిదేళ్ళ పిల్ల అలాగే మిగిలిపోయింది.

"ఉండనీలే, నాకేం బరువు," అంది పిన్ని.

కానీ పగలు ఆ వెచ్చటి పక్క మీద కళ్ళు మూసుకుంటే, ఎవరినో బడికి తయారుచెయ్యాలని, ఆలస్యమైపోతోందని కంగారు పుట్టేది. ఉలిక్కిపడి లేచి, గదిలో చెప్పుల జతలు చూసుకునేది. తనవే ఉండేవి.

ఒక సూది పడింది. దగ్గు కాస్త నెమ్మదించింది. రెండో సూదికి వెళితే మళ్ళీ ముప్పై నాలుగేళ్ళు, మళ్ళీ పెన్సిలిన్ పడదు. పళ్ళు కొరుక్కుంటూ మళ్ళీ నింపింది. మళ్ళీ మారింది. 'ఎవరో పనిగట్టుకుని నన్ను చెరిపేస్తున్నారు' అనుకుంది. సరిగ్గా ఇదే మాట ఇంకొకరు కూడా, ఇదే దిండు మీద, అనుకుంటున్నారని ఆమెకు తోచలేదు. ఆ సాయంత్రం డ్యూటీ ఎక్కేముందు మరోసారి నింపి పోయింది.

తెల్లారి వచ్చి మంచం మీద చెయ్యి వేసింది. చల్లగా ఉంది.

పక్క గది ఊడుస్తున్న పెద్దమ్మ గుమ్మంలోకి వచ్చింది. "మీ మంచం మనిషికి రాత్రి జ్వరంతో ఒళ్ళు కాలిపోయిందే. తెలివి లేదు. ఆసుపత్రిలో పడుకోబెట్టారు. పాపం, ఎనిమిదేళ్ళ ఆడపిల్లని అమ్మమ్మ దగ్గర వదిలిపెట్టి బతుకుతోంది."

ఎనిమిదేళ్ళు. పిన్నికి ఆ పిల్ల ఎవరిదో, పెన్సిలిన్ పడనిది ఎవరికో, ఒక్కసారిగా అర్థమైంది. నిన్న తను ఏం చెరిపిందో కూడా.

వార్డులో ఇంకో నర్సు సూదిలోకి మందు ఎక్కిస్తోంది.

"ఆగమ్మా! ఆమెకి అది పడదు!"

"మీరెవరు?"

"నూట పన్నెండు."

"నూట పన్నెండు ఈమె. పడని మందులేవీ లేవని ఉంది. డాక్టరుగారు రాశారు, మీరు చెబితే ఆపేస్తానా? జరగండి."

పిన్ని ఫోను తీసి, గోడకు ఆనుకుని, ఫారం నింపింది. వయసు ముప్పై నాలుగు. పెన్సిలిన్ పడదు. కూతురి గడిని ముట్టుకోలేదు. తన రెండో సూది, తన వయసు, మిల్లులో తను అనే మనిషి ఉన్న ఒక్క ఆనవాలు, అన్నీ ఆ గడుల్లోంచి ఒకటొకటే పోతుంటే చూస్తూ నొక్కింది.

నర్సు ముందున్న తెర మారింది. నర్సు సూది ట్రేలో పెట్టేసింది. తర్వాత పిన్ని వైపు చూసింది గానీ, ఎవరూ లేని కుర్చీని చూసినట్టు చూసింది.

పిన్ని క్వార్టర్స్‌కి తిరిగొచ్చింది. నడుం వాల్చబోతే మంచం మీద ఎవరో కూర్చుని ఉన్నారు. ఒళ్ళో సంచీతో, ఇరవై దాటిన పిల్ల.

"పగలు పడుకునే చోటు ఖాళీ అన్నారండీ. ఇవాళే చేరాను," అంది లేచి నిలబడుతూ.

"ఖాళీయా? ఎవరన్నారు?"

"కంప్యూటర్లో ఈ మంచానికి ఒక్కరే ఉన్నారట. ఇందాకే గేటు దగ్గర ఫారం కూడా నింపించారు."

"పడని మందుల దగ్గర ఏం రాశావమ్మా?"

"ఏవీ లేవనండీ. నాకన్నీ పడతాయి."

పిన్ని ఆ పిల్ల చెయ్యి పట్టుకుని లాగింది. "పద. నువ్వు కూడా వాళ్ళ కంటికి కనపడాలి. చెప్పులు తర్వాత వేసుకుందువుగాని, పద!"

వార్డులో నర్సు మారింది. కొత్త నర్సుకి ముందేం జరిగిందో తెలియదు. తెరను చూసి, ట్రేలోని సూదిని చేతిలోకి తీసుకుంది. పిన్ని వెళ్ళి ఆమె మణికట్టు పట్టేసుకుంది.

"ఆ తెర వదిలెయ్యి తల్లీ. మమ్మల్ని చూడు. ఈ పిల్ల నూట పన్నెండు. నేను నూట పన్నెండు. ఆ పడుకున్నదీ నూట పన్నెండే. లెక్కపెట్టు!"

కొత్త నర్సు కోపంగా ముగ్గురినీ చూసి, తెర వైపు తిరిగింది. తెర మీద వయసు ఇరవై రెండు. దాని పక్కనే, ఎనిమిదేళ్ళ కూతురు. నర్సు పెదవులు కదిలాయి. మనసులో తీసివేత చేసుకున్నట్టుంది. సూది కింద పెట్టి, జేబులోంచి పెన్ను తీసి, పడుకున్నామె ముంజేతి మీద పెద్దక్షరాలతో 'పెన్సిలిన్ వద్దు' అని రాసింది. అప్పటిదాకా ఆ ఆసుపత్రిలో ఎవరూ చెయ్యని పని అది.

చర్మం మీద పెన్ను ఒరుసుకుపోతుంటే రాత్రావిడ కళ్ళు తెరిచింది. తన మీదికి వంగిన ముఖాన్ని చాలాసేపు చూసింది. ఎన్నడూ చూడని ముఖం. కష్టం మీద గోడ వైపు జరిగి, పక్క మీద సగం చోటు ఖాళీ చేసింది.