చివరి తూముకు చేరిన గుర్రపుడెక్క

ఉదయం ఆరు గంటలకే కాలువ కాపలా చూసే లస్కరు బుల్లిరాజు మొలలోతు నీళ్లలో దిగి, చివరి తూముకు అడ్డం పడిన నీటికలుపు గుర్రపుడెక్కను కొక్కెం కర్రతో గట్టు మీదకు లాగుతున్నాడు. తూము కింద ముప్పై ఎకరాలకు సరిపడే నారుమళ్లు నెర్రెలిచ్చాయి.

ఈ గుర్రపుడెక్క ఇక్కడిది కాదు. కాలువ శుభ్రం చేయడానికి ధవళేశ్వరంలో ఐదు సమావేశాలు పెట్టి, నాలుగు బృందాలకు నాలుగు హద్దులు గీశారు. ఎవరి హద్దు వాళ్లు శుభ్రం చేసి ఫొటో పంపాలి. మొదటి బృందం తన హద్దులోని డెక్కను కర్రలతో దిగువకు నెట్టేసింది. మిగతా మూడూ అదే చేశాయి. ఇంతటి ఐకమత్యం డెల్టాలో ఎవరూ చూసి ఉండరు.

"గట్టు మీదకి లాగించండి సార్. లేకపోతే అంతా నా తూముకొచ్చి పడుద్దండి" అని బుల్లిరాజు మొదటిరోజే చెప్పాడు.

"నీ తూము ప్లాన్‌లో లేదు కదయ్యా, నీకెందుకు కంగారు?" అన్నాడు సమన్వయ అధికారి.

పని పూర్తయిందని నిన్ననే నాలుగు బృందాలకూ శాలువాలు కప్పారు. ఆ సభకు కుర్చీలు మోసింది బుల్లిరాజే.

"నీళ్లెప్పటికి వస్తాయి రాజూ?" గట్టు మీద నిలబడి అడిగింది రైతు మాణిక్యాంబ.

"శాలువాలోళ్లు నలుగురొచ్చి చెయ్యేస్తే మధ్యాహ్నానికే వచ్చేస్తాయండి."

ఎవరూ రాలేదు. నీళ్లు మూడోరోజు సాయంత్రానికి చేరాయి. అప్పటికే పన్నెండెకరాలకు సరిపడే నారు ఎండిపోయింది.