మధురానగర్ హాస్టల్ గోడలో ఇంటిగ్రేషన్ క్లాసు

దయ్యాల ముచ్చట మొదలైతే లేచి వెళ్లిపోయే రకం నేను. ఇప్పటికీ అంతే. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

ఇంటర్ రెండో సంవత్సరంలో మ్యాథ్స్ తప్పాను. సప్లిమెంటరీ కోసం అమీర్‌పేటలో ట్యూషన్‌లో చేరి, మధురానగర్‌లో లేడీస్ హాస్టల్‌లో దిగాను. ఈసారీ తప్పితే చదువు మాన్పించి, బాబాయి పనిచేసే ప్యాకింగ్ కంపెనీలో చేర్పిస్తానని నాన్న చెప్పేశాడు. ఆయన ఊరికే బెదిరించే మనిషి కాదు.

నా ప్రాణం తీసింది ఇంటిగ్రేషన్. సూత్రాలన్నీ కంఠతా వచ్చు, ఏ లెక్కకు ఏది వాడాలో మాత్రం తోచేది కాదు. మంచం మీద కూర్చునేదాన్ని, లేచేదాన్ని, మళ్లీ కూర్చునేదాన్ని. అన్నం సయించేది కాదు.

ఒక మధ్యాహ్నం మంచం పక్క గోడలోంచి ఒకావిడ పాఠం చెబుతున్న గొంతు వినిపించింది. పక్క బిల్డింగులో ట్యూషన్ అనుకున్నాను. మా ఏరియాలో అది వింతేమీ కాదు. "రెండిట్ల దేన్ని డిఫరెన్షియేట్ చేస్తే చిన్నగైతదో, దాన్ని ముందు పట్టుకో" అంటోంది. అలాగే చేశాను. లెక్క తేలిపోయింది.

ఆ తర్వాత రోజూ ఆ గొంతు కోసమే మధ్యాహ్నం గదికి వచ్చేదాన్ని.

ఒకరోజు 'e పవర్ x ఇంటూ సైన్ x' లెక్క పట్టుకుని కూర్చున్నాను. రెండుసార్లు చేసినా మొదటి లెక్కే మళ్లీ ఎదురైంది. కాగితం నలిపేయబోతున్నాను. నోరు తెరిచి ఒక్క మాట అనలేదు.

"మొదటికే వచ్చిందని భయపడకు. తిరిగొచ్చినదాన్ని ఎడమ దిక్కుకు జరుపు."

నేను ఎక్కడ ఆగిపోయానో గోడలోని ఆ గొంతుకు ఎలా తెలిసింది? మేడెక్కి గోడ అవతలికి తొంగి చూశాను. అటు బిల్డింగే లేదు. మాది మూడో అంతస్తు. కింద ఖాళీ జాగాలో ఎవరో దుప్పట్లు ఆరేశారు. వార్డెన్‌ని అడిగితే, అటువైపు ఎప్పుడూ ఏమీ కట్టలేదంది.

నాకు పిచ్చెక్కుతోందని భయం పట్టుకుంది. ఎవరికైనా చెబితే ఎర్రగడ్డ పిచ్చాసుపత్రికి తీసుకుపోతారు. కానీ నిజం చెప్పాలంటే, అంత భయంలోనూ ఆ లెక్క పూర్తిచేశాను. జవాబు సరిగ్గా వచ్చింది.

కొన్నాళ్లు ఓర్చుకుని, చివరికి నా రూమ్మేట్ అనూష అక్కను అడిగాను. ఆమెది వరంగల్, గ్రూప్ టూకి చదువుతోంది. గోడ అవతల ఎవరో పాఠం చెబుతున్నట్టు నీకూ వినిపిస్తుందా అన్నాను.

అక్క పుస్తకం పక్కన పెట్టింది. "వినిపిస్తది. ఆ సార్ రాజ్యాంగం మస్తు చెప్తడు."

"సారా? నాకు మేడమ్ గొంతు వినిపిస్తది అక్కా. లెక్కలు చెప్తది."

ఆ వారంలోనే పంజాగుట్టలో వేరే హాస్టల్‌కి మారిపోయాం. నేను పరీక్ష పాసయ్యాను. అక్కకూ ఉద్యోగం వచ్చింది. ఆ గొంతులు ఎవరివో, ఇద్దరికీ వేర్వేరుగా ఎందుకు వినిపించాయో ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు.

గది మారిన మొదటి రోజు సంగతి మాత్రం మరిచిపోలేను. స్నానం చేసి వచ్చేసరికి అక్క కొత్త గోడకు చెవి ఆనించి నిలబడి ఉంది. నన్ను చూసినా కదల్లేదు. నేనూ వెళ్లి పక్కనే చెవి ఆనించాను. ఇద్దరికీ ఏమీ వినిపించలేదు. మా ఇద్దరిలో ఎవరికి ఎక్కువ దిగులేసిందో చెప్పలేను.