అమ్మ వద్దన్న గవ్వల పెట్టెలు

మా అమ్మ చేపలమ్ముతుంది. సింగపూర్‌లో ఎవరడిగినా ఈ మాట గట్టిగానే చెప్పేదాన్ని. శ్రీకాకుళం తీరాన చిన్న పల్లె మాది. ఆ చేపల డబ్బుతోనే చదువుకుని, కంప్యూటర్ ఉద్యోగానికని విమానమెక్కాను. ప్రోగ్రాం రాయడం వస్తే చాలు, పిలిచి ఉద్యోగమిచ్చే రోజులవి. మా ఆఫీసులో మనుషులు చొక్కాలు మార్చినట్టు కంపెనీలు మార్చేవారు. ఆంగ్ మో కియోలో ఫ్లాటు అద్దెకు తీసుకోగానే నేను చేసిన మొదటి పని అమ్మను రప్పించుకోవడం.

గర్వంతో పాటు ఒక పంతం కూడా పెట్టుకున్నాను. అమ్మ ఇక బజార్లో కూర్చోకూడదు. చీకటితో లేచి ఒడ్డుకు పరిగెత్తడం, పడవల దగ్గర వేలంపాటలో చేపలు పాడుకోవడం, తట్ట నెత్తినెత్తుకుని టౌనుకు పోవడం, పొద్దుగూకేదాకా ఈగలు తోలుకుంటూ కూర్చోవడం. ఇక చాలనిపించేది. అమ్మ దిగిన రోజు నుంచీ పోరు పెట్టాను. "నెలనెలా డబ్బు పంపిస్తానే అమ్మా, నువ్వు తట్ట మాత్రం ముట్టుకోకు" అనేదాన్ని. ఆమె అవుననేది కాదు, కాదనేది కాదు. "సూద్దాంలే" అనేది. నేను దాన్ని అవును కిందే జమ కట్టుకున్నాను.

తిరుగు ప్రయాణం దగ్గరపడ్డాక ఒకరోజు అన్నం తింటూ, "మా వరసలోని ఆల్లకి ఏటైనా పట్టుకెళ్ళాల" అంది.

వరస అంటే బజార్లో అమ్మతో పాటు కూర్చునే ఆడవాళ్ళు. అక్కడ చోటు ఖాళీగా కనబడితే చాలు, ఇంకొకరు వచ్చి తట్ట దించేస్తారు. అందుకని అమ్మ ఇక్కడున్నన్నాళ్ళూ వాళ్ళే వంతులు వేసుకుని ఆమె చోట ఒక ఖాళీ తట్ట పెట్టి కాపాడుతున్నారు. తిండి కొట్లన్నీ ఒకే చోటుండే హాకర్ సెంటర్లో జనం బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పడేసి సీటు 'చోప్' చేసుకోవడం చూసినప్పుడు అమ్మ నన్నేమీ అడగలేదు. మా బజారు పద్ధతే కదా అన్నట్టు తలూపింది.

ఆ వరసలో ఒక ఆచారముంది. వయసు మళ్ళి చోటు వదిలేసే మనిషి మిగతా అందరికీ బొట్టు పెట్టి, తలా ఒక వస్తువు చేతిలో పెడుతుంది. మా అమ్మమ్మ కుంకుమ భరిణెలు పంచింది. నాకు చిన్నప్పటి ఆ సంగతి గుర్తొచ్చి గుండె గంతులేసింది. అమ్మ ఒప్పుకున్నట్టే! పైకి మాత్రం నోరు మెదపలేదు. అంటే ఎక్కడ మనసు మార్చుకుంటుందోనని భయం.

"సాక్లెట్లు, తలనొప్పి నూనె అందరూ తెత్తారు. ఈ దేశంలోనూ మనలాగ సేపలు పట్టుకుని బతికే ఆల్లుంటారు గదా? ఆల్ల కాడ కొందాం" అంది.

ఆదివారం పొద్దున్నే చాంగీ రేవుకు తీసుకెళ్ళాను. అక్కడి నుంచి ఉబిన్ దీవికి మర పడవలుంటాయి. మనుషులు నిండితే గాని కదలవు. "మన టెక్కలి ఆటోలే నయం" అని అమ్మ ఎగతాళి చేసింది. పడవ కదలగానే మాత్రం వంగి, చేత్తో నీళ్ళు తాకి కళ్ళకద్దుకుంది.

దీవిలో రేవు పక్కనే చిన్న పల్లె. నీళ్ళ మీదికి కర్రలు పాతి కట్టిన ఇళ్ళు, వాటి మధ్య సైకిళ్ళు అద్దెకిచ్చేవాళ్ళు, చుట్టాలకు పట్టుకెళ్ళే వస్తువులమ్మే కొట్లు. మొదటి కొట్లోనే నా కళ్ళు గవ్వల పెట్టెల మీద పడ్డాయి. అరచేతిలో ఇమిడేవి, మూత మీద తెల్లటి గవ్వలు అతికినవి. కుంకుమ పోసుకోవడానికి అచ్చంగా సరిపోతాయి.

"బాగున్నాయి. ఒద్దు" అంది అమ్మ.

వెదురు పడవ బొమ్మ చూపించాను. బాగుంది, వద్దు. వలలో గాజు బుడ్డి వేలాడే దీపం చూపించాను. అదీ బాగుంది, అదీ వద్దు. నాకు ఒళ్ళు మండింది. అమ్మ కొబ్బరి బొండాం తాగడానికి బయటికి వెళ్ళగానే, వరసలో అందరికీ సరిపడా గవ్వల పెట్టెలు కట్టించేశాను.

బయటికొచ్చి చూస్తే అమ్మ లేదు. పక్క సందులో ఒక మలయ్ ముసలావిడ ఇంటి ముందు గొంతుక్కూర్చుని దొరికింది. అక్కడ చాపల నిండా ఎండుతున్నవి కెరోపోక్. చేప గుజ్జు పిండిలో కలిపి, ఉడికించి, పల్చటి బిళ్ళలుగా కోసి ఎండబెట్టే వడియాలు. అమ్మ ఒక బిళ్ళ విరిచి వాసన చూసి, ఏ చేప అన్నట్టు చెయ్యాడించింది. ఆవిడ మోచేతి దాకా కొలిచి చూపించింది. ఒకరి భాష ఒకరికి ముక్క రాదు. బేరం వేళ్ళ మీదే నడిచింది. తూకమయ్యాక కూడా అమ్మ సంచీ మూతి తెరిచి పట్టుకుని కదలకుండా నిలబడింది. కొసరు! ముసలావిడ పడీ పడీ నవ్వి, ఇంకో గుప్పెడు పోసి, నా వైపు తిరిగి, "యువర్ మదర్ వెరీ క్లెవర్ లా" అంది. ఆ సందులో మా అమ్మను చూస్తుంటే నా ఛాతీ ఉబ్బింది.

ఆ ఊపులోనే నా సంచీ విప్పి గవ్వల పెట్టెలు చూపించాను. అమ్మ ముఖంలో నవ్వు మాయమైంది.

"ఇయ్యి ఇత్తే నాను సోటు ఒదిలేసినట్టే గదేటే?"

"వదిలెయ్యడానికే కదమ్మా!"

"ఎవులు సెప్పేరు? దాసుకునే వస్తువిత్తే ఎల్లిపోతన్నట్టు. కూకుని తినేదిత్తే తిరిగొచ్చినట్టు. అందుకే గదా పొద్దున్నించీ ఒద్దంతన్నాను."

ఎండలో పడ్డ కష్టమంతా ఏకరువు పెట్టాను. నా జీతం సంగతి ఎత్తాను. అన్నీ విని, "నువ్వు ఉజ్జోగం మానీసి నా కాడ కూకోయే అంటే కూకుంటావేటి?" అనడిగింది.

కూర్చోను. నా పని నాకిష్టం. బాగా చేస్తానని పేరుంది, ఆ పేరంటే ఇంకా ఇష్టం. ఆమెకూ అంతేనని నాకెందుకు తట్టలేదో!

"పొద్దున్నే ఆల్లతో ఓ తగువాడకపోతే నాకు తిన్నది అరగదు" అని తనే నవ్వేసింది.

పెట్టెలు తీసుకెళ్ళి కొట్లో ఆవిడను బతిమాలాను. డబ్బు తిరిగివ్వనంది గాని బదులుగా ఎండు రొయ్యల పొట్లాలిచ్చింది. అమ్మ వాటిని నలిపి చూసి, పరవాలేదంది.

తిరుగు పడవలో మన తెలుగు కుర్రాళ్ళు ఇద్దరు ఎక్కారు. షిప్‌యార్డులో వెల్డింగ్ పని, సెలవని తిరగడానికి వచ్చారు. అమ్మ మాట వినగానే ఒకతను దగ్గరికి జరిగాడు.

"పెద్దమ్మా, మనది ఏ పక్క? ఏటి సేత్తారు?"

"పలాస బజార్ల సేపలమ్ముతాను బాబూ. మా అమ్మాయిది ఈడే కంప్యూటర్ ఉజ్జోగం."

"అమ్మాయి సింగపూర్ల కంప్యూటర్ ఉజ్జోగం సేత్తంటే ఇంకా తట్టెత్తడమేటి పెద్దమ్మా? మానీలేదా?"

అమ్మ నా వైపు చూసింది. అమ్మ వచ్చినప్పటి నుంచీ మా ఫ్లాటుకొచ్చిన ఆంటీలు, అంకుల్స్ ఈ మాటే అడిగితే, ఆమెను నోరెత్తనివ్వకుండా "మానేసిందండీ" అని చెప్పింది నేనే.

"మానలేదు" అన్నాను. "వచ్చే వారం నుంచి మళ్ళీ బజార్లోనే. మా అమ్మలాగా చేపను చూసి తాజాదో కాదో చెప్పేవాళ్ళు ఆ వరసలోనే లేరు."

అమ్మ కొంగు సర్దుకుని నిటారుగా కూర్చుంది.

"సెలవలకి ఊరొచ్చినపుడు రా బాబూ, మంచి సేప ఇత్తాను. బజార్లోకి రాగానే ఎడమ పక్కన రెండో సోటు. ఎప్పుడొచ్చినా నానక్కడే ఉంటాను."